తీర్పు వేరు, వివేచన వేరు

కోటిపల్లి రేవులో గౌతమిని దాటి ముక్తేశ్వరంలో దిగే యాత్రికులలో పలువురు అడిగేది ఐనవిల్లికి దారి. అక్కడి విఘ్నేశ్వరాలయ ప్రఖ్యాతి అటువంటిది. ఆ దారికి ఇరువైపులా కొబ్బరితోటలు, కాలువలు, వరిచేలు. కోనసీమ పల్లెలలో కోవెలలతో పాటు, గడచిన నూటయాభై ఏండ్లకు పైగా ఒకటొకటిగా వెలసిన క్రైస్తవ ప్రార్థన మందిరాలు కూడ ఉన్నాయి. వాటిలో బ్రదరెన్‌వారివి కొన్ని, లూథరన్‌వారివి కొన్ని, బాప్టిస్టులవి, పెంతెకొస్తువారివి, రోమను కతోలికులవి మరికొన్ని. అందరూ చదివే గ్రంథం ఒకటే. అయినను ఒకే ఊరిలోని రెండు మందిరాలవారు ఒకరి రొట్టెబల్ల దగ్గరకు మరొకరు పోని సందర్భాలు లేకపోలేదు.

ఈ స్థితిని చూచినప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. మంచిచెడ్డలను తేల్చుకోకుండా మనుష్యుడు బ్రతకలేడు. ఏ బోధ సత్యమో, ఏది అసత్యమో ఎంచుకోకపోతే విశ్వాసమనే మాటకే అర్థం లేదు. కాని ఎదుటివానికి తీర్పు తీర్చవద్దని క్రీస్తు కొండమీది ప్రసంగంలో స్పష్టంగా ఆదేశించినాడు. ఎంచుకొనవలె, తీర్పు తీర్చరాదు. ఈ రెండింటిని ఒకే మనుష్యుడు ఒకే సమయంలో ఎట్లా పాటించగలడు? ఇది పండితుల వాదానికి పనికివచ్చే ప్రశ్న మాత్రమే కాదు. గోదావరి డెల్టాకు మొదట వచ్చిన క్రైస్తవ బోధకుల చరిత్రతో ఇది పెనవేసుకొని ఉన్నది. ఆ చరిత్రను శ్రోతల ముందు ఉంచడమే ఈ ప్రసంగంలో మా ఉద్దేశం.

ముందుగా మాటలను పరిశీలిద్దాం. మన తెలుగులో తీర్పు అనే మాట 'తీరు' అనే క్రియకు సంబంధించినది. తీరడమంటే ముగియడం. తీర్పు చెప్పినవాడు ఆ వ్యవహారాన్ని ముగించినాడన్నమాట. ఆ పైన వినవలసినది లేదు, చూడవలసినది లేదు. వివేచన అనే సంస్కృత పదానికి మూలమైన ధాతువునకు వేరుచేయుట, చెరుగుట అని అర్థం. గ్రీకు భాషలో తీర్పును తెలిపే 'క్రినో' అనే క్రియకు కూడ మొదటి అర్థం వేరుపరచడమే. అనగా రెండు ప్రాచీన భాషలు మనను తీసుకొనిపోయి మన ఇంటి వసారాలో చేట పట్టుకొని కూర్చున్న ఇల్లాలి ముందర నిలబెడుతున్నాయి. ఆమె బియ్యం చెరుగుతుంది. ఊక ఎగిరిపోతుంది. మట్టిబెడ్డలను, వడ్లగింజలను ఏరి పారవేస్తుంది. బెడ్డను బియ్యమని భ్రమపడితే ఇంటిల్లిపాదికి పంటి కింద రాయి. అందుచేత ఆమె చూపు నిశితంగా ఉండవలసినదే. కాని బెడ్డ కనబడినదని ఆమె చేటెడు బియ్యాన్ని పెంటమీద పోయదు. ఆ ధాన్యం పండించిన రైతు దుర్మార్గుడని నలుగురిలో చాటదు. హంస పాలను, నీళ్లను వేరుచేస్తుందని మన కవిసమయం. ఆ హంస నీటిని విడిచిపెడుతుందే గాని నీటిని దూషించినట్లు ఏ కవీ చెప్పలేదు.

క్రొత్త నిబంధనలో కూడ ఈ రెండు మాటలు ఎడమెడముగా లేవు. మత్తయి సువార్త ఏడవ అధ్యాయం తీర్పు తీర్చవద్దనే ఆజ్ఞతో మొదలవుతుంది. తన కంటిలో దూలం ఉండగా సహోదరుని కంటిలోని నలుసును చూచేవానిని గురించిన ఉపమానం వెంటనే వస్తుంది. అదే అధ్యాయంలో కొంచెం ముందుకు పోతే, అబద్ధ ప్రవక్తలను గురించి జాగ్రత్త పడుమని, చెట్టును ఫలాన్ని బట్టి తెలుసుకొనుమని చెప్పినవాడూ ఆ గురువే. ఫలాన్ని చూడమన్నాడు. వేరులో ఏమున్నదో త్రవ్వి చూచే అధికారం ఇవ్వలేదు. నలుసును తీయవద్దని కూడ ఆయన చెప్పలేదు. ముందుగా దూలాన్ని తీసుకొంటే నలుసు తీయడానికి చూపు తేటపడుతుందన్నాడు. కన్ను అతి సుకుమారమైన అవయవం. అందులోని నలుసును తీసేవాని చేయి వణకరాదు, గోరు తగలరాదు.

పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ పదునాలుగవ అధ్యాయంలో ఈ సంగతి భోజన పంక్తికి వచ్చినది. ఆ సంఘంలో మాంసం తినేవారు, కూరగాయలు మాత్రమే తినేవారు ఉన్నారు. తినేవాడు తిననివానిని తక్కువగా చూచినాడు. తిననివాడు తినేవానిని దోషిగా ఎంచినాడు. పరుని సేవకునికి తీర్పు చెప్పడానికి నీవెవరవని పౌలు అడిగినాడు. అదే పౌలు కొరింథీయులకు వ్రాసినప్పుడు, సంఘంలో ఎవరైనా బోధిస్తే తక్కినవారు దానిని వివేచించవలెనని చెప్పినాడు. బోధను పరీక్షించుట ధర్మం. బోధకుని హృదయానికి న్యాయాధిపతి కావడం అధర్మం. సూత్రంగా చెప్పినప్పుడు ఇది సులభమే. మనుష్యుల మధ్య, సంఘాల మధ్య, కోపతాపాల నడుమ దీనిని నిలబెట్టుకోవడంలోనే కష్టమున్నది.

ఇక చరిత్రకు వద్దాం. 1795లో జన్మించిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఇంగ్లండు దేశస్థుడు. వృత్తిచేత దంతవైద్యుడు. ప్లిమత్, ఎక్సెటర్ పట్టణాలలో బాగుగా సంపాదించినవాడు. క్రైస్తవుడైనవాడు తన సర్వస్వాన్ని దేవుని పనికి అర్పించవలెనని 1825లో ఒక చిన్న పుస్తకం వ్రాసి, వ్రాసినట్లే చేసి చూపినాడు. 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదు పట్టణానికి బయలుదేరినాడు. 1831లో ఆ పట్టణాన్ని మహామారి కబళించినది, వరద ముంచివేసినది. ఆ విపత్తులో ఆయన భార్య మరణించినది. 1833లో గ్రోవ్స్ భారతదేశానికి వచ్చి, ఇక్కడి మిషనరీల పనిని తిరిగి చూచి, క్రొత్త పనివారిని తీసుకొనివచ్చే నిమిత్తం ఇంగ్లండుకు మరలిపోయినాడు.

బాగ్దాదుకు పోకముందు ఆయనకు డబ్లిన్ నగరంలో కొందరు మిత్రులుండేవారు. 1820ల చివరి సంవత్సరాలలో వారు ఒక సామాన్యమైన తలంపుతో ఒకచోట చేరినారు. క్రీస్తును నమ్మినవారు ఏ శాఖకు చెందినా, మతగురువు ఉన్నా లేకున్నా, కలిసి కూర్చుండి రొట్టె విరవవచ్చునన్నదే ఆ తలంపు. వారిలో ఎడ్వర్డ్ క్రోనిన్ అనే వైద్య విద్యార్థి ఉన్నాడు. ఏదో ఒక సంఘంలో సభ్యుడుగా చేరితేనే గాని ప్రభువు బల్లలో పాలు లేదన్నందుకు వ్యథ చెందినవాడాయన. ఐర్లండు సంఘంలో గురువుగా పనిచేసిన జాన్ నెల్సన్ డార్బీ కూడ వారితో కలిసినాడు. గొప్ప మేధావి, దీక్షాపరుడు, గ్రంథకర్త. బ్రదరెన్ అనగా సహోదరులు అని లోకం పేరుపెట్టిన ఉద్యమానికి ఈ చిన్న కూటములు మూలం. తలుపులు తెరచి ఉంచడమే దాని జన్మ లక్షణం.

గ్రోవ్స్ తిరిగి వచ్చేసరికి ఆ మిత్రుల నడవడిలో మార్పు కనిపించినది. ఇతర సంఘాలలోని దోషాలను ఎత్తిచూపడం, ఆ దోషాలున్నవారికి దూరంగా తొలగడం పవిత్రతకు గుర్తుగా భావించే ధోరణి పెరుగుచున్నది. 1836 మార్చి 10వ తేదీన, భారతదేశానికి ఓడ ఎక్కబోతూ గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం వ్రాసినాడు. తరువాత 1856లో ఆయన రెండవ భార్య ప్రచురించిన జీవిత చరిత్రలో ఆ ఉత్తరం లోకానికి తెలిసినది. దాని సారాంశం ఇది. మన కలయికకు ఆధారం అందరిలో ఉన్న ఒకే జీవమే గాని ఒకే అభిప్రాయం కాదు. అభిప్రాయాన్ని ఆధారం చేసుకొంటే, మీరు దేనిని సమర్థిస్తున్నారో గాక దేనిని ఖండిస్తున్నారో అనే దానిని బట్టి మాత్రమే లోకం మిమ్ములను గుర్తిస్తుంది. చివరకు మీరు తప్ప తక్కినవారందరూ దోషులే అనే స్థితికి వస్తారు. ఇతరులలోని మంచికి దూరమై పోవడం కంటె వారి లోపాలను సహించడమే నాకు మేలు.

ఈ ఉత్తరంలో కోపం లేదు. తాను ఎవరిని హెచ్చరిస్తున్నాడో ఆ మిత్రుని మీద ప్రేమ తగ్గలేదని ఆయన చెప్పుకొన్నాడు. లోపాలు లేవని కూడ ఆయన అనలేదు. తనకు తప్పు అని తోచినదానిని తాను చేయడు. తన నడవడి చేతనే దానికి సాక్ష్యం చెప్తాడు. కాని ఆ తప్పు చేస్తున్న సహోదరునితో మంచి విషయంలో కలిసే అవకాశాన్ని వదలుకోడు. వివేచనను తనమీదనే నిలిపి, తీర్పును దేవునికి విడిచిపెట్టడం అంటే ఇదే.

ఆ ఓడలో గ్రోవ్స్‌తో పాటు వచ్చినవారిలో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు, వారి భార్యలు ఉన్నారు. వారు డెవన్ మండలంలోని బార్న్‌స్టేపుల్ పట్టణ ప్రాంతంవారు. ఒకడు రాతిపనివాడు, మరొకడు చెప్పులు కుట్టేవాడు. కళాశాలల చదువు లేదు, జీతమిచ్చే సంస్థ లేదు. 1836లో మద్రాసులో దిగి, మచిలీపట్నం చేరి, తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టి, 1837లో నర్సాపురానికి వచ్చినారు. వసిష్ఠకు ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి; అక్కడినుంచి కోనసీమ. గోదావరి డెల్టా మిషన్ అని తరువాత పేరుపొందిన పనికి నర్సాపురం, పాలకొల్లు పునాదులైనవి. కాలక్రమాన అది అమలాపురం వైపునకు కూడ విస్తరించినది. హెచ్చరిక ఉత్తరం వ్రాయబడిన ఏడు, కోనసీమ ముంగిటికి ఈ బోధకులు బయలుదేరిన ఏడు ఒకటే కావడం గమనించదగినది. మన ప్రాంతపు బ్రదరెన్ సంఘాల పుట్టుకలోనే ఈ ప్రశ్న ఉన్నది.

ఈ ఇద్దరూ ఎవరి నీడలో పెరిగినారో కూడ చెప్పవలెను. బార్న్‌స్టేపుల్‌లో రాబర్ట్ చాప్మన్ అనే సంఘ సేవకుడుండేవాడు. లండనులో న్యాయవాద వృత్తిని విడిచి 1832లో ఆ ఊరికి వచ్చినవాడు. ఆయన వచ్చిన సంఘం తమ పద్ధతి ప్రకారం బాప్తిస్మం పొందినవారిని తప్ప బల్లకు రానిచ్చేది కాదు. చాప్మన్ అభిప్రాయం వేరు. అయినా ఆయన వచ్చీరాగానే దానిని మార్చలేదు. బోధిస్తూ ఓపికతో వేచియున్నాడు. సంఘం ఆయన వైపు వచ్చినప్పుడు, ఒప్పుకోని కొందరు విడిపోయి, భవనం తమకే చెందవలెనన్నారు. పోరాడగల న్యాయవాది అయి ఉండీ, చాప్మన్ భవనాన్ని వారికి విడిచిపెట్టినాడు. తన అభిప్రాయం విడువలేదు, భవనం మాత్రమే విడిచినాడు. వివేచన గలవానికి ఏది విడువవలెనో, ఏది విడువరాదో తెలుస్తుంది.

ఆనాటి గోదావరి డెల్టా నేటి డెల్టా కాదు. 1832, 1833 సంవత్సరాల కరువు తెలుగు కోస్తాను పీల్చి పిప్పి చేసినది. 1839లో కోరంగి ఉప్పెన. నది ప్రక్కనే ఉన్నా పొలానికి నీరు లేదు. 1847లో ఆర్థర్ కాటన్ దవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని ఆరంభించినాడు. 1852 నాటికి పూర్తి అయినది. వేలాది కూలీలు చేరిన ఆ దవళేశ్వరంలో బౌడెన్, బీర్‌లు బోధించినారు. దైవభక్తుడైన కాటన్ వారిని ఆదరించినాడు. అప్పుడు, ఆ తరువాత కూడ, డెల్టాలో వారి మాట విన్నవారిలో ఎక్కువమంది మాలపల్లెలవారు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగవలెను. పుట్టుకతోనే తీర్పు పొందినవారు వీరు. వారి నడవడి ఎట్టిదో, మనసు ఎట్టిదో అడగకుండానే ఊరు వారికి బావి దగ్గర, వీథిలో, గుడి వాకిట హద్దులు గీసినది. తీర్పు తీర్చవద్దన్న వాక్యం ఇంగ్లండులోని శ్రోతకు ఒక నీతిబోధ. డెల్టాలోని ఈ శ్రోతకు అది విడుదల పత్రం వంటిది. ఒకే రొట్టెను అందరూ విరిచి తినే ఆరాధనలో ఏ కులమువాడు ముందు, ఏ కులమువాడు వెనుక అనే ప్రశ్నకు చోటు ఉండరాదు. అటువంటి మందిరంలో మరల మరొక రకపు తీర్పుపీటలు వేసుకొని కూర్చుంటే, బయట పోగొట్టుకొన్నది లోపల కూడ పోగొట్టుకొన్నట్లే. ఆంధ్రదేశపు సంఘాలలో మాల మాదిగల ఎడబాటు, పై కులాలనుంచి వచ్చినవారి ఎడబాటు మందిరాల లోపలికి కూడ రాకుండా పోలేదు. కనుక ఈ విషయంలో పణంగా ఉన్నది వాదపు గెలుపు కాదు, మనుష్యుని గౌరవం.

బౌడెన్ ప్రభృతులు డెల్టాలో ఇట్లు శ్రమిస్తుండగా, ఇంగ్లండులో గ్రోవ్స్ భయపడినదే జరిగినది. 1845 మొదలు ప్లిమత్ సంఘంలో డార్బీకి, బెంజమిన్ న్యూటన్ అనే బోధకునికి వివాదం చెలరేగినది. 1847లో న్యూటన్ క్రీస్తు శ్రమలను గురించి చేసిన బోధలో పెద్ద దోషమున్నదని తేలినది. న్యూటన్ ఆ సంవత్సరమే తన పొరపాటును కొంతవరకు ఒప్పుకొంటూ ఒక ప్రకటన ఇచ్చి, ప్లిమత్ విడిచి వెళ్లినాడు. 1848లో అతని సంఘం నుంచి వచ్చిన కొందరిని బ్రిస్టల్ నగరంలోని బెథెస్దా సంఘం తమ బల్లకు చేర్చుకొన్నది. ఆ సంఘ పెద్దలు జార్జి ముల్లర్, హెన్రీ క్రెయిక్. అనాథ శరణాలయాల స్థాపకుడుగా లోకప్రసిద్ధుడైన ముల్లర్ గ్రోవ్స్‌కు చెల్లెలి భర్త. మన డెల్టా పనివారికి ఆయన ధనసహాయం పంపించేవాడు.

న్యూటన్ బోధను ముందు ఖండించి, ఆ తరువాతనే ఎవరినైనా చేర్చుకొనవలెనని డార్బీ పక్షంవారు పట్టుపట్టినారు. బెథెస్దాలోని పదిమంది ఒక లేఖ వ్రాసినారు. బోధకుడు తప్పినంత మాత్రాన అతని బోధ విన్నవారందరూ దోషులు కారని, ఆ తప్పును తెలిసి స్వీకరించినారో లేదో చూచిన తరువాతనే ఎవరినైనా నిరాకరించవలెనని దాని తాత్పర్యం. 1848 ఆగస్టు 26వ తేదీన డార్బీ అన్ని సంఘాలకు ఒక ప్రకటన పంపినాడు. బెథెస్దానుంచి వచ్చినవారిని చేర్చుకొనే సంఘాలతో కూడ పొత్తు కూడదన్నాడు. తప్పు చేసినవాడు ఒకడు. అతని మాట విన్నవాడు రెండవవాడు. వానిని చేర్చుకొన్నవాడు మూడవవాడు. ఆ మూడవవానితో మాటలాడినవాడు నాలుగవవాడు. అంటరానితనం ఏ దారిన వ్యాపిస్తుందో బాగుగా ఎరిగిన మన దేశంవారికి ఈ లెక్క అర్థం కావడం కష్టం కాదు.

బెథెస్దావారు తరువాత చేసిన పని మరచిపోరానిది. 1848 చివరి మాసాలలో వారు న్యూటన్ రచనలను సంఘం ఎదుట ఏడు కూటములలో పరిశీలించినారు. వాటిలో దోషమున్నదని తేల్చినారు. ఆ బోధను సమర్థించేవారిని బల్లకు చేర్చుకోరాదని నిర్ణయించినారు. సహనమంటే కన్నులు మూసుకొనుట కాదనడానికి ఇది నిదర్శనం. వారు బోధను చెరిగినారు. గింజను, బెడ్డను వేరుచేసినారు. చేటను మాత్రం పారవేయలేదు. అయినను ఎదుటి పక్షంవారికి అది చాలలేదు. సంఘం రెండుగా చీలినది. డార్బీ పక్షంవారిని ఎక్స్‌క్లూజివ్ బ్రదరెన్ అని, బెథెస్దా మార్గంవారిని ఓపెన్ బ్రదరెన్ అని పిలిచినారు. గోదావరి డెల్టా మిషన్ ఓపెన్ బ్రదరెన్ పక్షాననే నిలిచినది.

చీల్చడం మొదలైన చోట అది ఎక్కడ ఆగుతుంది? డబ్లిన్‌లో అందరికీ తెరచిన బల్లను కోరుకొన్న ఎడ్వర్డ్ క్రోనిన్ డార్బీ పక్షంలోనే ఉండిపోయినాడు. 1879లో రైడ్ అనే ఊరిలో, పెద్దల అనుమతి లేని ఒక కూటమిలో ఆయన రొట్టె విరిచినాడు. వృద్ధుడైన ఆయనను తన సంఘమే వెలివేసినది. బల్లకు దూరం చేయబడిన బాధ వలన ఉద్యమంలో చేరినవాడు, ఆ ఉద్యమం చేతనే బల్లకు దూరమైనాడు. 1881లో, 1885లో, 1890లో ఆ పక్షం మరల మరల చీలినది. తీర్పుకు అలవాటుపడిన చేయి, తీర్పు తీర్చడానికి బయటివారు దొరకనప్పుడు ఇంటివారి వైపు తిరుగుతుంది.

కాని ఈ కథ చెప్పేటప్పుడు మనమే న్యాయపీఠం ఎక్కే ప్రమాదమున్నది. డార్బీ దుష్టుడు, గ్రోవ్స్ సాధువు అని తేల్చివేస్తే, ఏ తప్పును గురించి మాటలాడుతున్నామో ఆ తప్పునే చేసినవారమవుతాము. డార్బీ సుఖాలను కోరినవాడు కాదు. తనకున్న హోదాను వదలుకొని దేశదేశాలు తిరిగినాడు. పరిశుద్ధ గ్రంథాన్ని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలోనికి తెచ్చుటలో అపారమైన శ్రమ చేసినాడు. సత్యం చెడిపోతుందేమోనన్న ఆయన భయం నిజమైన భయమే. ఆ భయం ఆయనను ఎక్కడికి తీసుకొనిపోయినదో మనం వివేచించవచ్చును. ఆయన హృదయాన్ని గురించి తీర్పు చెప్పే పని మనది కాదు. చరిత్ర చదివేవాడు చర్యలను, వాటి ఫలితాలను తూచగలడు. అంతకు మించి తూచే త్రాసు అతని దగ్గర లేదు.

గ్రోవ్స్ జీవితం కూడ విజయగాథ కాదు. భారతదేశంలోని ఇతర మిషన్లవారిలో కొందరు ఆయనను మొదట ఆదరించి, తరువాత అనుమానించినారు. తిరునల్వేలిలో రేనియస్ అనే జర్మను మిషనరీకి, ఆయనను పంపిన ఇంగ్లీషు సంస్థకు 1835లో తెగతెంపులైనప్పుడు గ్రోవ్స్ రేనియస్ పక్షం వహించినాడు. ఐక్యత కోరే మనిషే చీలికకు కారకుడనే నింద మోయవలసి వచ్చినది. చిత్తూరులో వ్యవసాయం ద్వారా పనివారిని పోషించాలని పూనుకొని నష్టాల పాలైనాడు. 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట మరణించినాడు. బౌడెన్ మాత్రం 1876లో మరణించే వరకు, నలభై ఏండ్లు, గోదావరి తీరాన్ని వదలలేదు. సహించే మార్గం సుఖమైన మార్గమని ఈ చరిత్ర ఎక్కడా చెప్పదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వివేచనను, తీర్పును వేరుచేసి చూపే గుర్తులు ఈ చరిత్రలో మనకు కొన్ని దొరుకుతాయి. వివేచన మాటను, పనిని పరీక్షిస్తుంది. తీర్పు మనిషిని ముగించివేస్తుంది. వివేచన ఎదుటివాని మాట విన్న తరువాత మొదలవుతుంది; తీర్పు వినక ముందే పూర్తవుతుంది. వివేచన ఒక్కొక్క మనిషిని వేరువేరుగా చూస్తుంది. తీర్పు ఒకని తప్పును వాని ఇంటికి, పేటకు, సంఘానికి అంటగడుతుంది. వివేచన తప్పును సరిదిద్ది మనిషిని నిలబెట్టుకోవడానికి దారి వెదకుతుంది. తీర్పునకు ఆ అవసరం లేదు. అన్నిటికంటె ముఖ్యంగా, వివేచన తన చేటలో ముందు తన బియ్యాన్నే చెరుగుతుంది.

దీనిని సులభంగా దుర్వినియోగం చేయవచ్చునని కూడ చెప్పవలెను. తప్పుచేసిన పెద్ద మనుష్యుని నిలదీసినప్పుడు, తీర్పు తీర్చవద్దని వాక్యమున్నదని నోరు మూయించడం చాలచోట్ల జరిగే పనే. సంఘపు సొమ్ము లెక్క అడిగినవానికీ, బలహీనురాలికి జరిగిన అన్యాయాన్ని బయటపెట్టినవానికీ ఆ వాక్యాన్ని అడ్డు పెట్టడం దానిని చెప్పిన గురువునకు అపచారం. లెక్క అడగడం తీర్పు కాదు, వివేచన. బెథెస్దావారు ఏడు కూటములు కూర్చున్నారనే సంగతి ఇందుకే గుర్తుంచుకోవలసినది. బలవంతుని తప్పును కప్పడానికి దయను వాడుకొనేచోట, బలహీనునికి దయ దక్కదు.

కోనసీమలోని బ్రదరెన్ మందిరాలలో ఆదివారం నాడు రొట్టె విరిచే ఆరాధనకు పరవూరినుంచి సహోదరుడు వస్తే, అతని సంఘ పెద్దలు వ్రాసి ఇచ్చిన పరిచయ పత్రిక తెచ్చుకొనే వాడుక ఉన్నది. ఆ కాగితాన్ని రెండు విధాల చదవవచ్చును. ఇతడు మన లెక్కకు సరిపోడని తలుపు వేయడానికి కారణం వెదకుతూ చదవవచ్చును. ఇతడు మనవాడని తెలిసికొని చాప వేయడానికి చదవవచ్చును. కాగితం ఒకటే, చదివే కన్ను వేరు. పరిచయం అడగడంలో తప్పు లేదు. ఇంటికి వచ్చినవానిని ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగడం మన మర్యాదలోని మాటే. అయితే ఆ ప్రశ్న వెనుక మంచినీళ్ల చెంబు ఉన్నదా, గడియ ఉన్నదా అన్నదే తేడా.

ఈ మాట క్రైస్తవులకు మాత్రమే పనికివచ్చేది కాదని మేము నమ్ముతాము. ఎదుటివారి తప్పులెన్నడంలో ఆనందించేవారిని వేమన ఎట్లా మందలించినాడో తెలియని తెలుగువారు లేరు. అత్తాకోడండ్ల నడుమ, అన్నదమ్ముల నడుమ, పేటకు పేటకు నడుమ నిత్యమూ ఎదురయ్యే పరీక్ష ఇదే. 2022లో కోనసీమ జిల్లాకు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే సందర్భంలో, మే 24వ తేదీన అమలాపురంలో చెలరేగిన మంటలు, పొరుగువానిని పుట్టుకను బట్టి తీర్పు తీర్చే అలవాటు ఎంత లోతుగా పాతుకొని ఉన్నదో మనకు గుర్తుచేసినవి. ఆ పేరు జిల్లాకు నిలిచినది. ఆ పేరులోని న్యాయం మన వాకిళ్లలో నిలవవలసియున్నది.

1836లో ఓడ ఎక్కబోతూ ఒక మనిషి తన మిత్రునికి వ్రాసిన ఉత్తరం ఆ మిత్రుని దారిని మార్చలేకపోయినది. అందుచేత అది వ్యర్థమైనదని చెప్పగలమా? ఆ సంవత్సరమే అతని వెంట వచ్చిన రాతిపనివాడు, చెప్పులు కుట్టేవాడు నాటిన సంఘాలు వసిష్ఠకు ఇవతల, అవతల నేటికీ ఉన్నాయి. ఆ ఉత్తరం వ్రాసినది వారి కోసం కాదు. అయినా అందులోని ప్రశ్న వారికీ, మనకూ చెందినదే. ఇతరులలోని చెడుగును చూచి వారి మంచికి దూరమవుదామా, మంచిని పట్టుకొని చెడుగును ఓర్చుకొందామా? రాబోయే ఆదివారం ఐనవిల్లి ప్రాంతపు పల్లెలలో రొట్టె విరిచే ప్రతి చేతికీ, ఆ వాకిలి ముందునుంచి కోవెలకు నడిచిపోయే ప్రతి పొరుగువానికీ కూడ ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన పని ఉన్నది.